బసవపున్నయ్యగారి వీపు

గుణదల ఫ్రెండ్స్ బాల్ బ్యాడ్మింటన్ జట్టు ఆడిన మ్యాచుల్లో బసవపున్నయ్య వెళ్ళని మ్యాచ్ లేదు. ఆయన చూసిన మ్యాచూ లేదు.

మొదటి వేసవి ఒక్కటీ వదిలేస్తే రెండూ నిజమే. అంపైరు కంటే ముందే గ్రౌండుకి చేరతాడు. నెట్టు కట్టేవాళ్ళకి తాడు అందిస్తాడు. పసుపుపచ్చ ఊలు బంతిని చేతిలోకి తీసుకుని, మామిడికాయ బేరమాడేవాడిలా నాలుగువైపులా నొక్కి, "బాగానే ఉంది" అని తిరిగిచ్చేస్తాడు. అంతా అయ్యాక, విజిల్ పడబోయే ముందు, ఇంటినుంచి తెచ్చుకున్న ప్లాస్టిక్ స్టూలు గిర్రున తిప్పి, ఆటకి వీపూ జనానికి మొహమూ పెట్టి కూర్చుంటాడు. ఇక ఆకాశం విరిగి మీదపడినా తల తిప్పడు.

"నా చూపు మంచిది కాదండీ" అని అడిగినవాళ్ళకల్లా చెబుతాడు. "కొందరిది ఇనపపాదం అంటారు చూడండీ, అలా నాది ఇనపకన్ను. నేను చూశానా, మావాళ్ళు మటాష్."

దీనికి ఆయన దగ్గర రుజువు కూడా ఉంది. జట్టు పెట్టిన కొత్తల్లో ఒక వేసవంతా ముందు వరసలో కూర్చుని కళ్ళార్పకుండా చూశాడట. ఒక్కటీ గెలవలేదు. ఒకరోజు ఎండకి తాళలేక, ఆట మధ్యలో లేచి రోడ్డవతలికి చెరకురసం తాగడానికి పోయాడు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు వెనక ఒకటే కేకలు. మనవాళ్ళు గెలిచేశారు! ఆ చెరకురసం బండివాడికి ఈయన శాలువా కప్పబోతే అతను భయపడి బండి తోసుకుని పోయాడని గుణదలలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

వృత్తికి ఆయనది వైండింగ్ షాపు. కాలిపోయిన సీలింగ్ ఫ్యాన్లకీ మోటార్లకీ రాగితీగ చుడతాడు. "ఊళ్ళో ఫ్యాన్లన్నీ బాగుచేసే ఈ ఫ్యాన్‌ని బాగుచేసేవాడు ఇంకా పుట్టలేదు" అంటుంది ఆయన భార్య శివపార్వతి.

ఒకసారి ఆవిడ నిలదీసింది. "మరి మీ చూపు అంత చెడ్డదైతే, పెళ్ళిచూపుల్లో నన్ను అంతసేపు ఎందుకు చూశారు?"

"చూశాను కాబట్టే కదా ఆ రోజే ఓడిపోయాను" అన్నాడాయన. ఆ రాత్రి ఇంట్లో వంకాయ కూరలో ఉప్పు లేదు.

ఆటకి వీపు పెట్టి కూర్చోవడంలో ఇంకో ఇబ్బంది ఉంది. అది ఆయనకి కాదు, చూడ్డానికి వచ్చిన జనానికి. ప్రశాంతంగా మిరపకాయ బజ్జీ తింటూ ఆట చూద్దామని వస్తే, ఎదురుగా ఒక పెద్దమనిషి స్టూలేసుకుని గంటల తరబడి మన మొహంలోకే చూస్తుంటే బజ్జీ ఎలా దిగుతుంది? సగంమంది లేచి జాగా మారేవాళ్ళు. మిగిలిన సగం ఆయనకి స్నేహితులయ్యేవాళ్ళు. ఎవరింట్లో ఫ్యాను శబ్దం చేస్తోందో, ఎవరికి మోకాళ్ళ నొప్పులో, ఎవరి పిల్లకి సంబంధాలు చూస్తున్నారో ఆయనకి మొత్తం తెలుసు. అలా ఉయ్యూరు మ్యాచులో ఒక పెళ్ళి కూడా కుదిర్చాడు. మ్యాచ్ పోయింది, పెళ్ళి మాత్రం నిలిచింది.

ఇక జట్టు ఓడినప్పుడు ఒక తతంగం ఉంటుంది. రెండో డివిజన్‌లో ఏళ్ళ తరబడి వేళ్ళాడుతున్న జట్టు కాబట్టి ఈ తతంగం తరచుగానే ఉండేది. ఐదుగురు ఆటగాళ్ళూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా రాకెట్లు సంచుల్లో కుక్కుతుంటారు. అప్పుడు బసవపున్నయ్య స్టూలు చంకన పెట్టుకుని, జామచెట్టు ఎక్కుతూ పట్టుబడ్డవాడిలా వాళ్ళ మధ్యకి వస్తాడు.

"ఒరేయ్, కోప్పడకండి."

"చూశావా బాబాయ్?"

"కావాలని కాదురా. తుమ్మొచ్చింది. తుమ్మినప్పుడు తల ఎటు పోతుందో మన చేతుల్లో ఉంటుందా?"

ఇక చూడాలి. ఐదుగురూ మీదపడి తిట్టేవాళ్ళు. వచ్చే మ్యాచుకి కళ్ళకి గంతలు కడతామనేవాళ్ళు. ఒకసారి తుమ్ము. ఒకసారి నెత్తిన కాకి తన్నింది. ఒకసారి ఎదురుగా ఆగిన ఆటో అద్దంలో కోర్టు కనపడింది. ఇంకోసారి ఎదురుగా కూర్చున్నాయన నల్లకళ్ళద్దాలు పెట్టుకొచ్చాడు. "రెండద్దాల్లో రెండు కోర్టులు కనపడ్డాయిరా, అందుకే రెండు సెట్లూ పోయాయి" అన్నాడు. ఆ రోజు జట్టు కెప్టెన్ ఎల్లారావు నవ్వాపుకోలేక బస్టాండులో కూలబడ్డాడు.

ఈ పిచ్చికి ఆమడ దూరంలో బతికినవాడు దుర్గాప్రసాద్. శివపార్వతి తమ్ముడు. బెంజ్ సర్కిల్ దగ్గర ఇన్సూరెన్స్ ఏజెంటు. మంచివాడే గానీ నోట్లో నువ్వుగింజ నానదు. మనసులో మాట పెదవి దాకా రావడానికి అతనికి పట్టే టైములో బెంజ్ సర్కిల్ సిగ్నల్ కూడా మారదు. కస్టమరు గుండెజబ్బు గురించి కస్టమరు కంటే ముందు వీధికి తెలిసేది.

అలాంటివాడికి ఒక శనివారం అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, రేపు మీ బావని కైకలూరు తీసుకెళ్ళాలి. మ్యాచుంది."

"నేనా? ఆయనతో ఎప్పుడూ పక్కింటి మాస్టారు వెళ్తాడుగా?"

"మాస్టారికి కంటి ఆపరేషన్ అయిందిరా."

వెనకనుంచి బసవపున్నయ్య గొంతు వినపడింది. "సరిగ్గా చెప్పవే. ఆపరేషన్ అయింది మాస్టారికి కాదు, నాకు. ఆయన కళ్ళే కదా నా కళ్ళు!"

సంగతేమిటంటే, వీపు పెట్టి కూర్చున్న మనిషికి ఆట ఎలా నడుస్తోందో ఎవరో ఒకరు చెబుతుండాలి. ఇన్నాళ్ళూ ఆ ఉద్యోగం మాస్టారు చేశాడు. ఇప్పుడు ఖాళీ అయింది. పైగా అది మామూలు మ్యాచ్ కాదు. కైకలూరు జట్టు మీద గెలిస్తే గుణదల ఫ్రెండ్స్ జన్మలో మొదటిసారి ఫస్ట్ డివిజన్‌లోకి వెళతారు.

"ఆదివారం పూట నిద్రపోనివ్వవా అక్కా?"

"నిద్రపోతూ పో. బండి మాత్రం నువ్వు నడుపు."

తెల్లారి బసవపున్నయ్య ఇస్త్రీ చొక్కాతో, చంకలో స్టూలుతో తయారు. కంకిపాడు దాటి, గుడివాడ దాటి, ముదినేపల్లి మీదుగా పోతుంటే రోడ్డుకి రెండువైపులా చేపల చెరువులు. ఐసు కారుతున్న లారీలు. దారి పొడవునా ఆయన ఒక్కొక్క ఆటగాడి గురించీ చెప్పుకుంటూ వచ్చాడు. కెప్టెన్ ఎల్లారావు చేపల ప్యాకింగులో పనిచేస్తాడు, నెట్టు దగ్గర పులి. ఆమోసు వెనకవైపు కాస్తాడు, వయసైపోయింది, మోకాలు మొరాయిస్తోంది, ఈ ఏడే ఆఖరు. గణేష్ కొత్త కుర్రాడు, కరెంటు లైన్‌మన్, మధ్యలో ఆడతాడు.

"గణేష్ సర్వీసు చేస్తే బంతి నెట్టుకి బొట్టు పెట్టినట్టు రాసుకుంటూ పోతుందిరా."

"మీరెప్పుడు చూశారు?"

"చూడలేదు. మాస్టారు చెప్పాడు."

"మాస్టారికి శుక్లాలు కదా!"

బసవపున్నయ్య స్టూలు ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "శబ్దం నేను విన్నాన్రా" అన్నాడు.

గ్రౌండు చుట్టూ షామియానా వేశారు. జనం బాగానే వచ్చారు. వాళ్ళలో సగం ఎల్లారావు బంధువులు, ఎందుకంటే కైకలూరు అతని అత్తారి ఊరు. మావగారు మొదటి వరసలో మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. అల్లుడి మీద ప్రేమ ఉన్నా ఆయన మీసం మాత్రం కైకలూరు పక్షమే.

బావాబావమరుదులు స్టూళ్ళేసుకున్నారు. రైల్లో ఎదురెదురు సీట్లలో కూర్చున్నట్టు మోకాలికి మోకాలు. దుర్గాప్రసాద్‌కి బావ మొహమూ, దాని వెనక కోర్టూ కనపడుతున్నాయి. బావకి దుర్గాప్రసాదూ, అతని వెనక కైకలూరు జనమూ కనపడుతున్నారు.

విజిల్ పడింది.

"చెప్పు" అన్నాడు బసవపున్నయ్య.

"కొట్టాడు. వాళ్ళూ కొట్టారు. మళ్ళీ మనవాడు కొట్టాడు."

"ఎవడు?"

"పొడుగ్గా ఉన్నవాడు."

"పేరు చెప్పరా!"

"చొక్కా మీద రాసిలేదుగా బావా! ఇదిగో, మళ్ళీ కొట్టాడు. అబ్బో, ఇప్పుడు గట్టిగా కొట్టాడు."

"పాయింటు ఎవరికి?"

"మీరు మాట్లాడుతుంటే చూళ్ళేదు."

బసవపున్నయ్య నిట్టూర్చాడు. "పాలసీ గురించైతే పగలంతా చెబుతావు. ఆ నోరేమైంది ఇప్పుడు? వద్దులే, నువ్వు ఊరుకో. ఎల్లారావు మావగారు మీసం దువ్వుతున్నాడు. అంటే పాయింటు వాళ్ళకే."

నిజమే. అలా మొదటి సెట్టంతా మావగారి మీసంలోనే నడిచింది. మీసం పదేపదే మెలి తిరిగింది కాబట్టి సెట్టు పోయింది.

రెండో సెట్టు మొదలయ్యే ముందు ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్మే వీరమ్మ బుట్టతో అటు వచ్చింది. బసవపున్నయ్యని ఎగాదిగా చూసింది.

"ఏం నాయనా, ఎవరి మీదన్నా అలిగావా? ఆటకి వీపెట్టి ఇటు తిరిగి కూచున్నావు?"

"లేదమ్మా, నా చూపు మంచిది కాదు. నేను చూస్తే మా గుణదల జట్టు ఓడిపోతుంది."

వీరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. ఆమె పుట్టి పెరిగింది కైకలూరులోనే. "ఓడిపోతుందా? ఖాయంగా?"

"ఖాయంగానమ్మా."

"అయితే ఒక్కసారి అటు తిరుగు నాయనా! పొట్లం ఊరికే ఇస్తా!"

"అమ్మో, వద్దు తల్లీ."

"రెండు పొట్లాలు!"

ఆమె బుట్ట పట్టుకుని అటు వెళ్ళిందో లేదో, ఆ మాట కైకలూరు వైపు మొత్తం పాకిపోయింది. అక్కణ్ణుంచి ఆట రెండు చోట్ల జరిగింది. ఒకటి కోర్టులో. రెండోది బసవపున్నయ్య తల చుట్టూ.

"పెద్దాయనా, మీ వెనక పాము!"

"ఉండనివ్వండి, దాని పనేదో అది చూసుకుంటుంది."

"అయ్యా, మీ చొక్కాకి వెనక తేలు!"

"మా బామ్మర్ది తీస్తాడు లెండి."

"ఏమండోయ్, మీ కెప్టెన్ కింద పడ్డాడు!"

ఈ మాటకి బసవపున్నయ్య మెడ నరాలు కదిలాయి. దుర్గాప్రసాద్ చూశాడు. ఆయన స్టూలు రెండువైపులా గట్టిగా పట్టుకుని, "ఒరేయ్ ప్రసాదూ, నిజమా?" అన్నాడు.

"అబద్ధం బావా. నిలబడే ఉన్నాడు."

"హమ్మయ్య."

ఒక కుర్రాడు సెల్‌ఫోన్‌లో ఆటంతా కనపడేలా పట్టుకుని ఆయన మొహం ముందుకి తెచ్చాడు. బసవపున్నయ్య టక్కున కళ్ళు మూసేసుకున్నాడు. కుర్రాడు ఎటు జరిపితే అటు కళ్ళు మూసిన మొహాన్ని ఎత్తి, దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నవాడిలా కూర్చున్నాడు. ఈ గొడవలో కైకలూరు జట్టు కూడా ఆట మానేసి ఇటే చూడడం మొదలెట్టింది. రెండో సెట్టు గుణదలకి వచ్చింది.

మూడో సెట్టుకి దుర్గాప్రసాద్‌కి ఏదో అయింది. తనకే తెలీకుండా స్టూలు మీద మోకాళ్ళేసి నిలబడ్డాడు. ఆటగాళ్ళ పేర్లు వాటంతట అవే నోట్లోకి వచ్చాయి.

"ఆమోసు తీశాడు బావా! కుంటుకుంటూ పోయి తీశాడు! ఎల్లారావుకి అందించాడు... కొట్టాడు! నెట్టు పక్కనుంచి జారవిడిచాడు! పాయింటు! గణేష్ సర్వీసు బావా. మీరన్నట్టే ఉంది, బొట్టు పెట్టినట్టే ఉంది!"

"ఉందా? నిజంగానే ఉందా?" బసవపున్నయ్య మొహం దీపం పెట్టినట్టయింది.

అలా లాక్కుంటూ లాక్కుంటూ వచ్చి ముప్పైమూడు, ముప్పైనాలుగు దగ్గర ఆగింది. కైకలూరుకి ఒక్క పాయింటు చాలు. బసవపున్నయ్య రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, పెదవులు కదుపుతున్నాడు.

బంతి అటూ ఇటూ పోతోంది. ఊలుబంతి రాకెట్టుకి తగిలే చప్పుడు తప్ప ఇంకేం లేదు. కైకలూరువాడు ఎత్తి కొట్టాడు. బంతి గణేష్ నెత్తి మీదుగా వెనక్కి పోయింది. వెనకున్న ఆమోసు అందుకోబోయాడు.

"వదిలెయ్! అవుటు!" అని అరిచాడు గణేష్.

ఆమోసు వదిలేశాడు. బంతి సున్నపు గీత మీద పడి, ఇంత సున్నం లేపింది.

కైకలూరు జనం కుర్చీలు తన్నుకుంటూ కోర్టులోకి పరిగెత్తారు. మావగారి మీసం ఆకాశంలో ఉంది. గణేష్ ఉన్నచోటే కూలబడి, తల మోకాళ్ళలో పెట్టుకున్నాడు.

దుర్గాప్రసాద్ చెప్పాల్సిన పని లేకపోయింది. బసవపున్నయ్య కళ్ళు తెరిచి ఎదురుగా జనాన్ని చూశాడు, అంతే, అర్థమైపోయింది. స్టూలు చంకన పెట్టుకుని లేచాడు.

ఆటగాళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ వ్యవహారం బాగా లేదు.

"నిన్నెవడు అరవమన్నాడ్రా?" ఎల్లారావు గొంతు వణుకుతోంది. మావగారి ముందు ఓడిపోయిన అల్లుడి గొంతు అది. "ఆమోసన్న తీసేవాడుగా! ఆఖరి ఏడాది ఆయనకి! నీకు కళ్ళున్నాయా?"

ఆమోసు తల వంచుకుని మోకాలికి కట్టిన గుడ్డ విప్పుతున్నాడు.

గణేష్ తలెత్తకుండా, "నేనింక ఆడనన్నా. నన్ను తీసెయ్యండి" అన్నాడు. రాకెట్టు అవతలికి విసిరేశాడు.

బసవపున్నయ్య వెళ్ళి ఆ రాకెట్టు తీసి, దుమ్ము దులిపి, మెల్లిగా దగ్గాడు.

"ఒరేయ్, కోప్పడకండి."

అందరూ ఆయన వైపు తిరిగారు.

"ఆ ఆఖరి బంతికి... నేను చూశాన్రా."

దుర్గాప్రసాద్ నోరు తెరిచాడు. అతని ఎదురుగా మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్న మనిషి. చూడ్డం మాట అటుంచి, కళ్ళు కూడా తెరవలేదు. పాము అన్నా తిరగలేదు. తేలు అన్నా తిరగలేదు. ఇదేం అన్యాయం?

"అదేంటి బావా! మీరు కళ్ళు మూసుకుని..."

మిగతా మాట రాలేదు. బసవపున్నయ్య చెప్పు అతని బొటనవేలి మీద నిలబడింది. ఆయన బరువు మొత్తం ఆ చెప్పులోనే ఉంది.

గణేష్ తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నిజంగా చూశావా బాబాయ్?"

"ఏం చెయ్యమంటావురా? నీ సర్వీసు బాగుందని వీడు ఒకటే ఊదరగొట్టాడు. ఆశపుట్టింది. ఇలా తిరిగాను. నేను చూసేసరికి బంతి గాలిలో ఉంది. అవుటుకే పోతోంది పాపం. నా కన్ను పడగానే లోపలికి వంగింది."

గణేష్ నమ్మీ నమ్మనట్టు చూస్తున్నాడు. దుర్గాప్రసాద్‌కి వేలు మంట, కడుపులో మాట మంట. సరిగ్గా అప్పుడు వీరమ్మ బుట్టతో అటుగా వచ్చింది. ఆయన తిరగలేదని కైకలూరులో అందరికంటే బాగా తెలిసింది ఆమెకే.

వీరమ్మ ఆ కుర్రాడి కళ్ళు చూసింది. పెద్దాయన మొహం చూసింది. బుట్ట ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది.

"అవును బాబూ, తిరిగాడు!" అంది గట్టిగా. "నేను కళ్ళారా చూశాను. రెండు పొట్లాలకి ఆశపడి తిరిగాడు. ఏం మనిషివయ్యా నువ్వు? సొంత జట్టుని శెనక్కాయలకి అమ్ముకుంటావా?" అని రెండు పొట్లాలు తీసి ఆయన చేతిలో కుక్కింది.

అంతే, జట్టంతా బాంబులా పేలింది.

"శెనక్కాయలకా బాబాయ్!" అని ఆమోసు మోకాలు మరిచిపోయి లేచాడు. "నా ఆఖరి మ్యాచ్ శెనక్కాయలకి అమ్మేశావా!"

"కనీసం జీడిపప్పుకైనా అమ్మాల్సింది!" అన్నాడు ఎల్లారావు.

"నేనిక్కడ చచ్చీచెడీ ఆడుతుంటే నువ్వు..." గణేష్ లేచి మీదకొచ్చాడు. ఏడుపు గొంతులోనే తిట్టడం మొదలెట్టాడు. తిట్టాడు, తిట్టాడు, ఊపిరి తీసుకుని మళ్ళీ తిట్టాడు. చివరికి ఆ పొట్లాల్లో ఒకటి లాక్కుని, "ఇది నాది" అన్నాడు. అప్పటికి మొహంలో నవ్వు వచ్చేసింది. బసవపున్నయ్య తల వంచుకుని అన్నీ పడ్డాడు. శెనక్కాయలు మాత్రం అందరికీ పంచాడు.

భోజనానికి ఎల్లారావు మావగారు అందర్నీ ఇంటికి లాక్కెళ్ళాడు. గెలిచిన ఊరి మర్యాద కదా, కొరమేను పులుసు రెండుసార్లు వడ్డించారు. దుర్గాప్రసాద్‌కి ముద్ద దిగలేదు. కడుపు నిండా మాటే ఉంది. దొడ్లో చేతులు కడుక్కుంటుంటే ఎల్లారావు పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"ప్రసాద్‌గారూ, ఇందాక మీరేదో చెప్పబోయారు."

"అదేం లేదండీ..."

"చెప్పకండి. మాకు తెలుసు."

దుర్గాప్రసాద్ చేతిలో చెంబు ఆగిపోయింది.

"కోర్టులో నిలబడితే మాకు మీ బావగారి బట్టతలే కనపడుతుందండీ" అన్నాడు ఎల్లారావు. "అది తిరిగితే మాకు తెలీదా? ఇన్నేళ్ళలో ఒక్కసారి తిరగలేదు. తుమ్ము లేదు, కాకీ లేదు. గణేష్‌కి ఇంకా తెలీదు. కొత్త కదా, ఒకటి రెండేళ్ళు ఆడితే వాడికే తెలుస్తుంది."

"మరి తెలిసి కూడా తిడతారేంటండీ?"

"తిట్టకపోతే ఆయన బాధపడడా?" అన్నాడు ఎల్లారావు, ఇదేం ప్రశ్న అన్నట్టు. "ఇందాక నేను ఆ కుర్రాణ్ణి ఇంకో రెండు మాటలు అనేసి ఉంటే, వాడు మళ్ళీ గ్రౌండు మొహం చూసేవాడు కాదు. నేనూ జన్మంతా కుమిలేవాణ్ణి. సమయానికి ఆయనొచ్చి తిట్లన్నీ తన మీదకి లాక్కున్నాడు. ఆయనకి మాత్రం చెప్పకండి, మాకు తెలుసని."

"చెప్పను" అన్నాడు దుర్గాప్రసాద్. జన్మలో మొదటిసారి అన్న మాట అది.

సాయంత్రం ఎండ చల్లబడ్డాక బండి బయల్దేరింది. గుడివాడ అవతల టీ కోసం ఆగారు. దుర్గాప్రసాద్ ఇక పట్టలేకపోయాడు.

"బావా, నిజం చెప్పండి. మీరు తిరగలేదు."

బసవపున్నయ్య టీ ఊదుకున్నాడు. "లేదు."

"ఎప్పుడూ తిరగలేదు."

"ఎప్పుడూ లేదు. మాస్టారికి చూపు సరిగ్గా లేకపోవడం కలిసొచ్చింది. నువ్వే, పెద్ద కళ్ళేసుకుని తయారయ్యావు."

"అసలు ఇనపకన్ను మాట మీరు నమ్ముతారా?"

"మొదట్లో నమ్మాను. తర్వాత ఒకసారి, వాళ్ళు ఓడిపోయి ఒకళ్ళ గొంతు ఒకళ్ళు పట్టుకున్నారు. ఏదో ఒకటి అనాలని, 'నేను చూశాన్రా' అన్నాను. గొంతులొదిలేసి నా మీద పడ్డారు. బస్సు ఎక్కేసరికి అందరూ కలిసి పునుగులు తింటున్నారు." ఆయన నవ్వాడు. "ఐదుగురు ఒకణ్ణి తిట్టుకుంటే జట్టు నిలబడుతుందిరా. ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటే ఐదుగురికి ఐదు జట్లవుతాయి. నాదేం పోయింది? మీ అక్క దగ్గర అలవాటే కదా, తిట్లు."

"సరే, మరి నిజం తెలిసిపోయాక కూడా వీపు పెట్టి కూర్చోవడం దేనికి? హాయిగా చూడొచ్చుగా?"

బసవపున్నయ్య గ్లాసులోకి చూశాడు. "ఎలా చూస్తానురా? నేను చూసిన రోజు వాళ్ళు గెలిచారనుకో. ఇక నా చూపు చెడ్డదంటే ఎవరు నమ్ముతారు? మళ్ళీ ఓడినప్పుడు ఎవర్ని తిట్టుకుంటారు?"

ఎదురుగా చెరువులో కొంగ ఒకటి నిలబడి ఉంది. దుర్గాప్రసాద్ దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"ప్రసాదూ."

"ఆఁ?"

"గణేష్ సర్వీసు నిజంగా బాగుందా?"

"చాలా బాగుంది బావా. చేతిని ఇలా కిందనుంచి తెస్తాడు..." దుర్గాప్రసాద్ లేచి, టీ గ్లాసు పక్కన పెట్టి, రోడ్డు పక్కన నిలబడి చేసి చూపించాడు. ఒకసారి కాదు, టీకొట్టువాడు కూడా బయటికి వచ్చి చూసేదాకా చేశాడు. బసవపున్నయ్య స్టూలు మీద కూర్చుని, కళ్ళు విప్పార్చుకుని, ఒక్క రెప్పకూడా వెయ్యకుండా చూశాడు.

"ఈ విషయం మాత్రం వాళ్ళకి చెప్పకురా" అన్నాడు బండి ఎక్కుతూ.

"చెప్పను బావా" అన్నాడు దుర్గాప్రసాద్. ఒకే రోజు రెండోసారి. వాళ్ళకి తెలుసని ఈయనకి చెప్పకూడదు. ఈయన చెప్పాడని వాళ్ళకి చెప్పకూడదు. ఇంత సరుకు కడుపులో పెట్టుకుని బతికేవాళ్ళు ఎలా బతుకుతారో అనుకుంటూ గుణదల దాకా నోరు బిగించి బండి నడిపాడు. నోరు బిగించిన తమ్ముణ్ణి గుమ్మంలో చూసి శివపార్వతి హడలిపోయింది.

"ఏమైందిరా? పంటి నొప్పా?"

"ఓడిపోయాం అక్కా. రెండే పాయింట్లలో."

శివపార్వతి నడుం మీద చెయ్యేసుకుని మొగుడి వైపు తిరిగింది. "ఇంకేం, మళ్ళీ చూసుంటారు! ఈసారి ఏమొచ్చింది? తుమ్మా? దగ్గా?"

బసవపున్నయ్య అలవాటుగా తల వంచుకుని, నేరం ఒప్పుకోవడానికి నోరు తెరిచాడు. ఆయన కంటే ముందు దుర్గాప్రసాద్ అందుకున్నాడు.

"ఆయన కాదక్కా. తప్పు నాది."

"నీదా? నీదేం తప్పు?"

"నన్ను చూస్తూ ఉండమన్నారు. ఆఖరి బంతికి భయమేసి నేను కళ్ళు మూసుకున్నా. మా ఇద్దరిలో ఆయన చూడకూడదు, నేను చూడాలి. నేను చూడ్డం మానేశాను కాబట్టి పోయింది."

బసవపున్నయ్య తలెత్తి బామ్మర్దిని చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు.

శివపార్వతి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, నెత్తి కొట్టుకుంది.

"దేవుడా! ఒక్కడితోనే వేగలేకపోతున్నానని తోడు పంపిస్తే, రెండోవాణ్ణి కూడా తయారుచేసి తెచ్చారా! ఊఁ, కాళ్ళు కడుక్కు రండి. దోసెలు వేస్తాను. తినేదాకా ఇద్దర్నీ తిడతాను."